రెండు మిల్లీమీటర్ల మూత

ఫిబ్రవరి 6

మామయ్యా,

అత్తయ్యకి ఫోన్ చేసి చెప్పొచ్చు. కానీ ఆవిడ నీ మంచి చెవి దగ్గర అరిచి చెప్పేసరికి వీధి వీధంతా వింటుంది, నీకు మాత్రం సగమే అందుతుంది. అందుకే ఉత్తరం. కాళ్ళు చాపుకుని కూర్చుని చదువు.

నీ పెట్టె మాట్లాడింది మామయ్యా! ముప్పై ఏళ్ళ కిందట బెలూనుకి కట్టి పంపిన నీ అల్యూమినియం పెట్టె, సముద్రంలో పడి మునిగిపోయిందని మీరంతా తలలు పట్టుకున్న పెట్టె. మునిగేలోపు అది రేడియోలో పంపిన లెక్కలన్నీ టేపుల మీద ఉన్నాయి కదా. వాటిని చదివే మిషను లేక ఇన్నాళ్ళూ అలమరలో పడున్నాయి. రెండేళ్ళు కుస్తీ పట్టి చదివించాను.

సంగతేమిటంటే, పేలిపోయిన నక్షత్రాల నుంచి పరమాణు కేంద్రకాలు విసిరేసినట్టు బయటపడి పాలపుంతంతా తిరుగుతుంటాయి. అవే కాస్మిక్ కిరణాలు. అయస్కాంత క్షేత్రాలు వాటిని అటూ ఇటూ తిప్పేస్తాయి కాబట్టి ఎక్కడినుంచి వచ్చాయో తెలియదు. ఎన్నాళ్ళు తిరిగాయో మాత్రం తెలుసుకోవచ్చు. దారిలో కార్బన్, ఆక్సిజన్ కేంద్రకాలు గ్యాసుకి గుద్దుకుని పగిలితే బెరీలియం ముక్కలు పుడతాయి. అందులో బెరీలియం-9, తొమ్మిదో రకం అనుకో, ఎన్నేళ్ళయినా అలాగే ఉంటుంది. బెరీలియం-10, అంటే పదో రకం, రేడియోధార్మికం, పద్నాలుగు లక్షల ఏళ్ళకి సగం మాయమవుతుంది. ఇక్కడికి చేరేసరికి పదో రకం ఎంత మిగిలిందో చూస్తే ప్రయాణం ఎన్నాళ్ళు పట్టిందో లెక్క తేలుతుంది.

ఇంతవరకూ అందరూ దాదాపు కోటిన్నర ఏళ్ళంటున్నారు. నీ పెట్టె అరవై లక్షలే అంటోంది!

ఏప్రిల్ 25న పెద్ద సమావేశంలో ఇది చెప్పాలి. నిలబడితే నా ఉద్యోగం పర్మనెంటు. నిలబడకపోతే జూన్ ఆఖరుకి సామాను సర్దుకోవడమే, డైరెక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. అందుకని చూసిందే చూసి, లెక్కపెట్టిందే లెక్కపెట్టాను. పెట్టె పైన మిగిలిన కాస్త గాలిలో పుట్టిన బెరీలియం తీసేశాను. నీ మూతలో పుట్టింది కూడా తీసేశాను. డ్రాయింగులో రెండు మిల్లీమీటర్లని ఉంది, కాబట్టి అది ఉన్నా లేనట్టే.

సమావేశానికి పంపే పేపరు మీద రెండే పేర్లు. మొదటిది నాది, రెండోది నీది. ఫిట్టరు పేరేమిటని డైరెక్టరు మొహం చిట్లించాడు. ఆ చెయ్యి పడనిదే పెట్టె ఎక్కడిదన్నాను. ఇందులో ఉన్నదంతా నాకు సమ్మతమే అని నువ్వు సంతకం పెట్టాల్సిన కాగితం జతచేశాను. వెంటనే పంపు.

నీ మేనకోడలు

ఫిబ్రవరి 14

లెక్కలపిల్లకి,

ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళజోడు దొరక్క దూరంగా పట్టుకుని, రెండోసారి కళ్ళజోడుతో, మూడోసారి మీ అత్తయ్య లాక్కుని గట్టిగా చదువుతుంటే. ఎదురింటి ఎలక్ట్రీషియన్ కూడా వచ్చి విన్నాడు. "నిజంగా మీ పేరు వేస్తారా?" అని రెండుసార్లు అడిగాడు. వేస్తారన్నాను. మీసం లేదు కాబట్టి ఊరుకున్నాను, ఉంటే మెలేసేవాణ్ణే.

మీ అత్తయ్య అనుమానం ఏమిటంటే, అన్ని లక్షల ఏళ్ళు తిరిగినవి అంత ఆకాశంలో చోటే లేనట్టు వచ్చి నా పెట్టెలోనే పడ్డాయా అని. దానికి జవాబు నువ్వే చెప్పాలి, నావల్ల కాదు.

మూత గురించి రాశావు. ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకు, ఊరికే తెలుసుకుందామని. ఆ మూత ఒకవేళ కాస్త మందంగా ఉందనుకో. నీ లెక్కకి ఏమైనా అవుతుందా?

కాగితం తర్వాత పంపుతాను. బొటనవేలు బెణికి సంతకం సరిగా రావడం లేదు. పేపరు విషయంలో తొందరపడకు.

దీవెనలతో,
మామయ్య

ఫిబ్రవరి 22

మామయ్యా,

బెణికిన వేలుతో అంత ఉత్తరం రాశావు, రెండక్షరాల సంతకం మాత్రం రాలేదా! నేను పుట్టకముందు నుంచీ సాకులు చెబుతున్నవాడివి, కాస్త మంచిది చూసి చెప్పు.

నీ ప్రశ్నకి జవాబు. గాలిలోనైనా మూతలోనైనా కార్బన్ గుద్దుకుంటే అక్కడా బెరీలియం పుడుతుంది. అది అప్పుడే పుట్టింది కాబట్టి అందులో పదో రకం ఒక్కటి కూడా తరగదు. దాన్ని తీసెయ్యకపోతే, చివరి స్టాపులో బస్సెక్కినవాణ్ణి మొదటి స్టాపు నుంచీ వచ్చినవాడిగా లెక్కపెట్టినట్టు. వాడు అలిసిపోలేదు కాబట్టి ప్రయాణం చిన్నదే అనుకుంటాం. నీ మూత పావు మిల్లీమీటరు అటూ ఇటూ అయితే ఏమీ కాదు. ఐదారు మిల్లీమీటర్లు ఎక్కువైతే మాత్రం నా పని గోవిందా. అయినా నీ చేతిలో కొలత తప్పడం ఎప్పుడైనా ఉందా? చిన్నప్పుడు నా స్కేలు పెట్టెకి మూత చేసిచ్చావు, గాలి కూడా దూరేది కాదు.

ఇక్కడ వాతావరణం వేడెక్కింది. కోటిన్నర అని చెప్పిన బృందంలో ఒకాయన నా లెక్క సంగతి ఎక్కడో విన్నాడట, "ఆ పాత పెట్టె ఎవరు చేశారో, ఎలా చేశారో" అని నలుగురిలో అన్నాడట. నాకు ఒళ్ళు మండింది. డైరెక్టరు మాత్రం ఇప్పటికే కనబడినవాళ్ళందరికీ అరవై లక్షలని చెప్పేసుకున్నాడు.

కాగితం, మామయ్యా. కాగితం.

నీ మేనకోడలు

మార్చి 2

అమ్మాయీ,

బాగా ఆలోచించాను. ఆ పేపరు మీద నా పేరు వద్దు. లేతు మీద బతికినవాడికి పేపర్లెందుకు? నలుగురూ నవ్వుతారు, నిన్ను చూసి కూడా నవ్వుతారు. నా పేరు కొట్టేసెయ్యి.

ఇంకొకటి. ఏప్రిల్‌లోనే చెప్పాలని ఎవడు శాసించాడు? మొత్తం ఇంకోసారి చూసుకో. ఇంకో బెలూను పంపించి చూసుకోరాదూ? పెద్ద చదువులు చదివినవాళ్ళకి పాత పెట్టె మీద అంత నమ్మకం పనికిరాదు. ముప్పై ఏళ్ళనాటి సామాను అది, ఎవరు ఏం చేశారో ఎవరికి గుర్తుంటుంది?

మీ అమ్మ మొన్న వచ్చి వెళ్ళింది. ఆరోగ్యం బాగానే ఉంది.

మామయ్య

మార్చి 9

మామయ్యా,

ఇప్పుడర్థమైంది. అమ్మ వచ్చి నీ దగ్గర ఏడ్చింది, అవునా? "దానికి ఆ ఉద్యోగం రాకుండా ఉంటేనే మంచిది, ఇంటికొస్తుంది" అని. నువ్వు సరేనన్నావు. లేకపోతే మొదటి ఉత్తరానికి ఎగిరి గంతేసినవాడివి రెండు వారాల్లో ఇలా నీరుగారిపోవడం ఏమిటి?

ఎదురువాళ్ళు నీ పెట్టెను అన్న మాటకి నాకు నిద్రపట్టలేదు. నువ్వేమో అదే మాట నీ చేత్తో రాసి పంపావు. ఊళ్ళో అందరూ నన్ను నమ్మకపోయినా నువ్వు నమ్ముతావనుకున్నాను. చాలా బాధగా ఉంది, దాచుకోను.

సరే, నీ పేరు తీసేస్తాను. చివర్లో థాంక్స్‌లో ఒక ముక్క వేస్తాను, దానికి సంతకం అక్కర్లేదు. 20న పేపరు పంపేస్తున్నాను. ఇక ఈ విషయం మీద నాకు ఉత్తరం రాయొద్దు.

మార్చి 14

తల్లీ,

రాయొద్దన్నావు, రాస్తున్నాను. మీ అమ్మకి ఏ పాపమూ తెలియదు, దాన్ని ఏమీ అనకు. నీ తెలివి మీద నాకు ఆవగింజంత అనుమానం లేదు. అనుమానమంతా నా మూత మీదే. కాదు, అనుమానం కూడా కాదు, నాకు తెలుసు. ఆ మూత రెండు మిల్లీమీటర్లు కాదు.

పూర్తిగా చదివి అప్పుడు తిట్టు. పెట్టె లోపల మామూలు గాలి ఉండాలి, పైకి వెళితే బయట గాలే ఉండదు. ఆ ఒత్తిడికి రెండు మిల్లీమీటర్ల మూత ఆగదని మొదటినుంచీ మొత్తుకున్నాను. ఆ బెలూను పని నడిపించిన పెద్ద ప్రొఫెసరు అందరి ముందూ, "నువ్వు కోసే పని చూడు, ఆలోచించే పని మేం చూసుకుంటాం" అన్నాడు. ఆయన పోయి పన్నెండేళ్ళయింది, ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఎగరేయడానికి మూడు రోజుల ముందు పెట్టెను ట్యాంకులో పెట్టి గాలి లాగేశాను. మూత బుగ్గలా ఉబ్బింది. ఆ సమయానికి గదిలో నేనొక్కణ్ణే. ఆయనకి చెబితే మళ్ళీ అదే మందంతో చెయ్యమంటాడు, అదీ ఉబ్బుతుంది, ఈలోగా బెలూనుకి అనువైన పైగాలి మళ్ళిపోతుంది, ఇంకో ఏడాది కూర్చోవాలి. మందపాటి ప్లేటు తీసి గుండ్రంగా కోసి బిగించేశాను. బరువు తేడా తెలియకుండా బెలూనుకి కట్టిన ఇసుక సంచి ఒకటి తప్పించాను. మర్నాడు ఆయన వచ్చి టెస్టు ఏమైందన్నాడు. "పాత మూతే సార్, ఆగింది" అన్నాను. భుజం తట్టి వెళ్ళాడు.

ఇన్నేళ్ళూ లోపల్లోపల మురిసిపోయాను, ఆయన మూత అయితే పేలేది, నాది కాబట్టి ఆగింది అని. పెట్టె సముద్రం పాలైంది, టేపులు అలమర పాలయ్యాయి, ఇక ఎవరికి నష్టమనుకున్నాను. ఆ టేపుల్ని నా మేనకోడలే తవ్వి తీస్తుందని కలగన్నానా? నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే చెప్పాల్సింది. చెప్పడానికి నోరు రాలేదు. నీ ముందు చిన్నబోవడం నావల్ల కాలేదమ్మా, అంతే.

మందం ఎంతో గుర్తుంది, అడిగితే రాస్తాను. పేపరు పంపకు. ఇది రిజిస్టరు చేసి పంపుతున్నాను.

మామయ్య

మార్చి 21

మామయ్యా,

డైరెక్టరు తొందరపెట్టి పద్దెనిమిదినే పేపరు పంపించాడు. నీ ఉత్తరం పంతొమ్మిదిన వచ్చింది. నేనే ఫోన్ చేసి దాన్ని వెనక్కి రప్పించాను. ఆ ఫోన్లో ఏం మాట్లాడానో, అవతలివాళ్ళు ఎలా "ఓహో" అన్నారో నీకు చెప్పను.

తిట్టమన్నావు కదా, తిడుతున్నాను. దీనికి ముందు రెండు ఉత్తరాలు రాశావు. ఎలక్ట్రీషియన్ సంగతి రాశావు, బొటనవేలి సంగతి రాశావు, మీసం సంగతి రాశావు. రాయాల్సిన ఒక్క ముక్క మింగి కూర్చున్నావు. నేను అమ్మని ఫోన్లో అనరాని మాటలన్నాను. నీ మీద నాకు ఎంత కోపంగా ఉందంటే, ఈ ఉత్తరం రెండుసార్లు చింపి మళ్ళీ రాస్తున్నాను.

డైరెక్టరు ఏమన్నాడో విను. "నీ లెక్క గిట్టనివాళ్ళు ముసలాయన చేత రాయించి ఉంటారు" అన్నాడు. కాదంటే, "ఒకసారి అబద్ధం చెప్పినవాడు రెండోసారి నిజమే చెబుతాడని నమ్మకమేమిటి? పెట్టె సముద్రంలో ఉంది, డ్రాయింగు నా చేతిలో ఉంది. నేను డ్రాయింగునే నమ్ముతాను" అన్నాడు. 

కాబట్టి మందం ఎంతో నాకు చెప్పకు. ఒక కాగితం మీద రాసి, కవరు అంటించి, నేరుగా డైరెక్టరుకి పంపు. నేను టేపుల్లోంచి నా అంతట నేను కనుక్కుంటాను. మూతలోంచి నిటారుగా దిగినవి తక్కువ లోహం దాటుతాయి, ఏటవాలుగా వచ్చినవి ఎక్కువ దాటుతాయి. వాలు పెరిగినకొద్దీ కొత్త బెరీలియం ఎంత పెరుగుతోందో చూస్తే, మూత ఎంత మందమో తేలాలి. నా అంకె వచ్చాక ఆయన ముందే కవరు తెరుస్తాం. రెండూ కలిస్తే నువ్వు చెప్పింది నిజమని ఒప్పుకుంటానన్నాడు. కలవకపోతే అరవై లక్షలే పైకి వెళుతుంది, నా పేరు మీద.

మార్చి 27

అమ్మాయీ,

కవరు నిన్న పంపాను. అంటించి, మీద సంతకం కూడా పెట్టాను, ఈసారి వేలు బెణకలేదు.

పోస్టాఫీసుకి ఎందుకని అడిగితే మీ అత్తయ్యకి చెప్పేశాను. బియ్యం చేట కింద పెట్టింది. తర్వాత, "ఇన్నేళ్ళూ ఆ పెట్టె గొప్పలు నా చేత కూడా చెప్పించావు కదయ్యా" అంది. అంతే, మళ్ళీ బియ్యం ఏరుకోవడం మొదలుపెట్టింది. తిట్టినా బాగుండేది. ఎలక్ట్రీషియన్‌కి కూడా నేనే వెళ్ళి చెప్పాను. పేపరు మీద పేరు రాదయ్యా అన్నాను. ఎందుకంటే, ఎందుకో కూడా చెప్పాను.

మీ అమ్మకి నువ్వే ఫోన్ చెయ్యి. ఆ పని నాకు అప్పజెప్పకు.

మామయ్య

ఏప్రిల్ 4

మామయ్యా,

అమ్మకి ఫోన్ చేశాను. సరే, అది అయిపోయింది.

ఈ రోజు పొద్దున డైరెక్టరు గదిలో నా అంకె ముందు బోర్డు మీద రాశాను. ఆయన కవరు చింపాడు. కలవలేదు.

నువ్వు రాసింది ఎనిమిది. నాది ఎంతో చెప్పను, ఎక్కువో తక్కువో కూడా చెప్పను. చెబితే నువ్వు నా మీద ప్రేమతో నీ అంకె సర్దేస్తావు, అప్పుడు రెండింటికీ విలువ ఉండదు. దగ్గరగా ఉన్నాయని మాత్రం అనలేను. డైరెక్టరు నవ్వి, "చూశావా" అన్నాడు. పది రోజుల గడువు అడిగాను.

నా వైపు తప్పుందేమోనని నాలుగుసార్లు వెతికాను, కనబడలేదు. మామయ్యా, కోపం తర్వాత పడదాం. ఆ రోజు ట్యాంకులోంచి పెట్టె తీసినప్పటినుంచీ నువ్వేం చేశావో వరసగా రాయి. ఏ బోల్టు విప్పావు, ఏది బిగించావు, అన్నీ. నీకు అనవసరమనిపించింది కూడా వదలకు. దయచేసి తొందరగా.

ఏప్రిల్ 8

అమ్మాయీ,

నీ ఉత్తరం చదివాను. ఎనిమిదే. నా చేత్తో కోసిన ప్లేటు, కాలిపర్స్ పెట్టి కొలిచాను. చచ్చినా ఎనిమిదే అంటాను, నీకోసం కూడా మార్చను.

వరసగా రాయమన్నావు, రాస్తున్నాను. పెట్టె ట్యాంకులోంచి తీసి బల్ల మీద పెట్టాను. బయటి గాలి తగిలాక ఉబ్బు కాస్త తగ్గింది. మిగిలిన ఉబ్బును చెక్క సుత్తితో సాపు చేశాను. చుట్టూ ఉన్న ఇరవైనాలుగు బోల్టులు విప్పాను. మూత కింద రబ్బరు రింగు అప్పటికే అతుక్కుని కూర్చుంది. పీకితే చిరుగుతుంది, ఇంకొకటి లేదు. కాబట్టి దాన్ని కదపకుండా ఎనిమిది మిల్లీమీటర్ల ప్లేటు పైన పరిచి, పాత బోల్టులు పొట్టివైపోతాయని పొడుగువి తెచ్చి, ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగించుకుంటూ వచ్చాను. మళ్ళీ ట్యాంకులో పెట్టాను. గాలి లాగాను. కదల్లేదు. ఇసుక సంచి సంగతి రాశాను. రంగు వేశాను. అంతే, ఇంకేమీ చెయ్యలేదు.

ఎక్కడ తప్పు జరిగిందో నాకు తెలియడం లేదు తల్లీ. నీ అంకెను నమ్ముకో, నాది పారెయ్యి. నీ ఉద్యోగం పోతే దానికి నేనే కారణం.

మామయ్య

ఏప్రిల్ 15

మామయ్యా, ఓ నా పిచ్చి మామయ్యా,

"దాన్ని కదపకుండా పైన పరిచి!" అంటే రింగుతో పాటు పాత మూత కూడా కిందే ఉంది! నిన్ను మూత మందం ఎంతని అడిగితే నువ్వు కోసిన ప్లేటు మందం చెప్పావు. కింద ఉన్నది పెద్ద ప్రొఫెసరుది కాబట్టి అది నీ లెక్కలోకే రాలేదు, అంతేనా? ఎనిమిదీ రెండూ పది. నేను బోర్డు మీద రాసిన అంకె పది, అర మిల్లీమీటరు అటో ఇటో. నీ ఉత్తరం డైరెక్టరు చేతికిచ్చాను. రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "సరే" అన్నాడు. ఆ మాట కోసం నెల రోజులు చచ్చాను.

పది పెట్టి లెక్క మళ్ళీ చేశాను. కోటీ నలభై లక్షల ఏళ్ళు. అందరూ చెప్పేదే. కొత్త ఏమీ లేదు, ఎవరిదీ తప్పు కాదు. నేను ఆ గదిలోంచి బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఉద్యోగం సంగతి డైరెక్టరు ఎత్తలేదు, నేనూ అడగలేదు. జూన్‌లో సామాను సర్దుకోవాల్సిందే అనుకుంటున్నాను. అయినా 25న వెళ్ళి ఈ అంకే చెబుతాను. నిజం అంకె ఇది. దీన్ని నీ పెట్టె చెప్పింది.

డ్రాయింగులో రెండు ఉంటే మేం పది ఎందుకు వాడామో పేపర్లో ఒక వాక్యం రాయాలి. డైరెక్టరు రాసిచ్చింది ఇది: "వర్క్‌షాపులో జరిగిన పొరపాటు వల్ల మూత మందం డ్రాయింగుకు భిన్నంగా ఉంది." గౌరవంగానే ఉంది, ఎవరి పేరూ లేదు. నీ పేరు రెండోదిగా మళ్ళీ పెట్టాను. వద్దంటే తీసేస్తాను, ఈసారి కోపం లేకుండా. సంతకం కాగితం జతచేశాను. 23లోగా చేరాలి.

నీ మేనకోడలు

ఏప్రిల్ 19

లెక్కలపిల్లకి,

ఇది అందేలోపే మీ అత్తయ్య నీకు ఫోన్లో చదివి వినిపిస్తుంది. అయినా నా చేతి రాతతో కూడా ఉండాలని పంపుతున్నాను. కాగితం మీద సంతకం పెట్టాను.

పాత మూత సంగతి నువ్వు చెప్పేదాకా నా బుర్రకి తట్టలేదు. "పాత మూతే సార్" అన్న మాట సగం నిజమేనని మీ అత్తయ్య నన్ను ఓదార్చబోయింది. వద్దన్నాను. నేను చెప్పినప్పుడు దాన్ని అబద్ధంగానే చెప్పాను.

నీ ఉద్యోగం నేను తిరిగి ఇవ్వలేను. క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు, కానీ అడుగుతున్నాను. క్షమించమ్మా.

నా పేరు ఉంచు. ఆ వాక్యం మాత్రం కొట్టేశాను. వర్క్‌షాపులో మేం పదకొండుమందిమి పనిచేశాం. కొలత తప్పినవాడు మాలో ఒక్కడూ లేడు. పొరపాటని రాస్తే వాళ్ళందరి మీదా పడుతుంది. తెలియక చేస్తే పొరపాటు, నేను తెలిసి చేశాను. కొట్టేసినచోట ఇలా రాశాను, మీ డైరెక్టరుకి నచ్చకపోయినా ఇదే వెయ్యి:

"మూత మీద మరో ప్లేటు బిగించి, ఆ సంగతి ముప్పై ఏళ్ళు దాచినది ఈ పేపరు రెండో రచయిత."

మామయ్య